టెక్ సందేహాలు: చదువుడు నేర్పే యాప్ ఏదన్నా ఉంటే చెప్పండి

బడులు తెరిచినంక నాకొచ్చే ప్రశ్నలే మారిపోతయి, మొన్నటిదాక ఇన్వర్టర్ బ్యాటరీలు, కెమెరా ఫోన్ల గురించి అడిగినోళ్ళే ఇప్పుడు పిల్లల యాప్స్ గురించి అడుగుతున్నరు. ఈసారి మొత్తం అవే తీసుకున్న. ఒకే తీరు ప్రశ్నలు చాలా ఉన్నయి కాబట్టి కొన్నిటిని కలిపి రాసిన, పేర్లు తీసేసిన.

ప్రశ్న: మా బాబుకు ఐదేండ్లు, యూకేజీ. ఫోన్ల అక్షరాల యాప్ ఏసిచ్చిన, అ నుంచి ఱ దాక గడగడ చెప్తడు. అదే అక్షరం బుక్కుల చూపెడితే తెల్లమొఖం వేస్తడు. ఇంతకన్న మంచి యాప్ ఏదన్నా ఉంటే చెప్పండి, ఇంగ్లిష్ మీడియమే కాబట్టి ఇంగ్లిష్‌ది అయినా సరే. (హన్మకొండ నుంచి ఒక అమ్మ)

జవాబు: ముందు చిన్న పరీక్ష పెట్టండి అక్కా. యాప్ తెరిచి బొమ్మ మీద బొటనవేలు అడ్డం పెట్టి అక్షరం ఒక్కటే కనపడేటట్టు చేసి అడగండి. ఉడుత బొమ్మ లేకుంటే ఉ అని చెప్పలేకపోతే వాడు ఇన్ని రోజులు గుర్తుపట్టింది ఉడుతనే. రెండో పరీక్ష, నడుమల నుంచి ణ చూపెట్టి ఇదేంది బిడ్డా అనండి, చాలామంది పిల్లలు నోట్లనే ట ఠ డ ఢ అనుకుంట అక్కడిదాక వచ్చి అప్పుడు ణ అంటరు. అంటే పాట వచ్చింది, మంచిదే, కాని ఆ పాటతోని పలక అనే మాట చదవరాదు.

ఎందుకిట్ల అయితదంటే చాలా యాప్స్‌ల పిల్లగాడు చేయాల్సిన పని ముట్టుడు ఒక్కటే, ముట్టంగనే శబ్దమొస్తది, చుక్కలు రాలుతయి, ఎవరో చప్పట్లు కొడతరు, వాడు నోరు తెరవాల్సిన అవసరమే పడదు. అందుకే పిల్లల యాప్ చూసినప్పుడు నేను మొదలు చూసేది అది మాట్లాడుతదా లేకుంటే పిల్లలు మాట్లాడితే వింటదా అని. వినేవి తక్కువ. గూగుల్ వాళ్ళ రీడ్ అలాంగ్ వింటది. 2019ల బోలో అనే పేరుతో మన దేశంలనే మొదలుపెట్టిన్రు, తర్వాత పేరు మార్చిన్రు, తెలుగు ఉన్నది, ఇంగ్లిష్ ఉన్నది. దియా అని ఒక బొమ్మ అమ్మాయి ఉంటది, పిల్లలు పైకి చదువుతుంటే వినుకుంట ఉంటది, ఆగిపోయిన మాటను ముడితే పలికి చూపెడ్తది. ఫ్రీ, యాడ్స్ లేవు, కథలు ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తది. ఇంట్ల టీవీ మోగుతుంటే, మిక్సీ తిరుగుతుంటే మాత్రం సరిగ వినదు, కరెక్టుగ చదివినా తప్పనుకుంటది, పిల్లలకు చిరాకు లేస్తది. మీ బాబు ఇంకా అక్షరాల దగ్గరనే ఉన్నడు కాబట్టి ఇప్పుడే ఇయ్యకండి, రెండు మూడు అక్షరాల మాటలు కూడబలుక్కొని చదివినప్పుడు ఇయ్యండి.

అప్పటిదాక ఫోన్ మీరు పట్టుకోండి, కాగితం వానికియ్యండి. స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్ళ సైటు ఉన్నది, 2015 నుంచి నడుస్తున్నది. తెలుగు ఎంచుకొని లెవెల్ 1 పెడితే పేజీకి ఒకటో రెండో వాక్యాలు ఉండే బొమ్మల కథలు వస్తయి, మొత్తం నాలుగు లెవెల్స్. పీడీఎఫ్ దించుకొని, లాగిన్ అడిగితే మీ జీమెయిల్ ఇచ్చి, ఏదన్నా జిరాక్స్ సెంటర్ల బ్లాక్ అండ్ వైట్‌ల తీయించండి, రంగులు మీవాడే ఏసుకుంటడు. అవి ఓపెన్ లైసెన్స్ కథలు, రాసినోళ్ళ పేరు, బొమ్మలేసినోళ్ళ పేరు ఉంచి ప్రింట్ తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఈ మార్చుకునుడు నాకు మస్తు నచ్చిన సంగతి, వచ్చాడు అని ఉన్నకాడ వచ్చిండు అని, వాళ్ళ నాయినమ్మ అన్నట్టే రాసి ఇయ్యండి, రోజూ ఇంట్ల వినే మాట కాగితం మీద ఎదురైతే పిల్లలు ఎట్ల చదువుతరో మీరే చూడండి. బడి పుస్తకం భాష ఎట్లాగు బడిల వస్తది.

కథకు ముందు వారం పది రోజులు గుణింతాలు, ఒత్తులు లేని మాటలే చదివించండి: తల, వల, జడ, పలక, పడవ, గడప, ఆట, ఈత. వరుస ప్రకారం ఱ దాక అయినంకనే మాటలు అని పట్టుబట్టకండి, ఓ పది అక్షరాలు వస్తే చాలు మాటలు చేయొచ్చు. ఫోన్ల నోట్స్ తెరిచి అక్షరం సైజు బాగ పెంచి ఒక్కో మాట టైప్ చేసి చూపెట్టండి, వాడు చదివినంక తర్వాతది. ప, వ దగ్గర చాలామంది తడబడతరు, ప కి తలకట్టు విడిగ ఉంటది, వ కి అంటుకొని ఉంటది, చిన్న సైజుల ఆ తేడా పెద్దోళ్ళకే కనపడదు. థ, ధ, ద కూడ గంతే. ఫోన్ల స్టైల్ ఫాంట్ ఏదన్నా పెట్టుకొని ఉంటే తీసేసి డిఫాల్ట్ పెట్టండి, కొన్ని స్టైల్ ఫాంట్లు ఒత్తులను ఎక్కడో పడేస్తయి.

ఇంగ్లిష్ మీడియం అన్నరు కదా, 2018ల వచ్చిన చట్టం ప్రకారం మన రాష్ట్రంల ఏ బోర్డు బడైనా పదో తరగతి దాక తెలుగు చదవాల్సిందే. పైగా తెలుగుల క ఎక్కడున్నా క నే, ఇంగ్లిష్ సి మాత్రం క్యాట్‌ల ఒక తీరు, సిటీల ఇంకో తీరు. అక్షరాలు కలిపి మాట చేసుడు అనే కిటుకు ముందు తెలుగుల పట్టుబడితే ఇంగ్లిష్‌కు భయపడడు.

ప్రశ్న: నేను దుబాయ్‌ల పనిచేస్తున్న, ఫ్యామిలీ జగిత్యాల దగ్గర ఊర్లె. పాప ఒకటో తరగతి. డ్యూటీ అయిపోయి ఫోన్ చేసేసరికి పండుకుంటది. నేను ఇక్కడినుంచి చదివించే మార్గం ఏదన్నా ఉన్నదా అన్నా?

జవాబు: ఉన్నది తమ్మీ, వీడియో కాల్ లేకుండ. మీకు మనకు గంటన్నర తేడా, అక్కడ ఎనిమిదైతే ఇక్కడ తొమ్మిదిన్నర, పొద్దుగాల్ల బడికి పోయే పిల్లను మేల్కొలిపి చదివిస్తే చదువంటేనే కోపమొస్తది. పైగా అక్కడ వాట్సాప్ కాల్స్ కలవయ్, వేరే యాప్ అంటరు, అండ్ల సగం టైం వినపడుతుందా వినపడుతుందా అనుడే. అయితే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు మంచిగ పోతయి.

పైన చెప్పిన స్టోరీవీవర్ కథ ఒకటి మీరిద్దరు ఎంచుకోండి, ఇంటికాడ చెల్లె ప్రింట్ తీయిస్తది, మీరు అదే కథ ఫోన్ల తెరిచి పేజీకి ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. మొత్తం కథ ఒకే మెసేజ్‌ల పెడితే పాప ఎక్కడున్నదో తప్పిపోతది. మెల్లగ, మాట మాటకు కొద్దిగ ఆగుకుంట చదవండి, పేజీ అయిపోంగనే "ఇగ తిప్పు బిడ్డా" అనండి. పాప సాయంత్రం కాగితం మీద వేలు పెట్టుకొని వింటది, రెండోసారి మీతోని కలిసి చదువుతది, మూడోసారి తనే చదివి రికార్డ్ చేసి మీకు పంపుతది, మీరు తెల్లారి బస్సుల పోవుకుంట వినొచ్చు. తప్పులుంటే అన్నీ చెప్పకండి, ఒక్కటి చెప్పండి చాలు. ఇంట్ల ఫోన్ల ప్లే స్పీడ్ ఒకటి మీదనే ఉన్నదా చూసుకోమనండి, ఒకటిన్నర మీద పడితే బాపు గొంతు కార్టూన్ గొంతు అయితది.

స్టోరేజ్ ఫుల్ అయిందని ఎవరో ఒకరు వాట్సాప్ మీడియా మొత్తం ఎప్పుడో ఒకరోజు లేపేస్తరు. పాప రికార్డింగ్‌లు నెలకోసారి గూగుల్ డ్రైవ్‌ల వేసుకోండి.

ప్రశ్న: పరకాల దగ్గర సర్కారు ప్రైమరీ స్కూల్ టీచర్ని. ఒకటి రెండు తరగతులకు వర్క్‌షీట్లు డీటీపీ సెంటర్ల చేయించిన. ఆ పీడీఎఫ్ నుంచి కాపీ చేసి పేరెంట్స్ గ్రూపుల పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నయి, ఫోన్ చదివి వినిపిస్తలేదు. మా పేరెంట్స్‌ల చాలామందికి చదువు రాదు, ఫోనే చదివి వినిపిస్తే మేలైతది.

జవాబు: సార్, మీ డీటీపీ ఆయన అను ఫాంట్లలో చేసిండు, అందుకే. ఆ పాత పద్ధతిల ఫైల్ లోపల ఉండేది నిజానికి ఇంగ్లిష్ అక్షరాల నంబర్లే, పైన తెలుగు ఆకారాలు తొడిగిన్రు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్ల మంచిగనే కనపడతది, ఫోన్‌కు పోంగనే తొడుగు ఊడిపోతది. యూనికోడ్‌ల తెలుగుకు సొంత నంబర్లు ఉన్నయి, ఏ ఫోన్ అయినా గుర్తుపడతది, చదివి వినిపిస్తది. పెండ్లికార్డులు, ఫ్లెక్సీలకు అను ఫాంట్లు అందంగ ఉంటయి, వాటిని వాటికే వదిలేద్దాం.

ఇప్పటికే చేసినవాటికి రెండు దార్లు. ఒకటి, డీటీపీ సెంటర్ వాళ్ళనే అను నుంచి యూనికోడ్‌కు మార్చి ఇయ్యమనండి, కన్వర్టర్లు ఉన్నయి. రెండోది, పీడీఎఫ్ పేజీలను స్క్రీన్‌షాట్ తీసి ఆ బొమ్మలను గూగుల్ డ్రైవ్‌ల ఎక్కించి కంప్యూటర్ మీద గూగుల్ డాక్స్‌తోని తెరవండి, బొమ్మను చూసి అక్షరాలు గుర్తుపట్టి తెలుగుల టైప్ చేసి ఇస్తది. ఒత్తుల దగ్గర, థ ధ ల దగ్గర తప్పులు పోతయి, ఒకసారి మీరు చదివి దిద్దాల్సిందే, పిల్లలకు తప్పు కాగితం పోవద్దు కదా. కొత్తవి మాత్రం మొదటినుంచే యూనికోడ్‌ల చేయండి, ఫోన్ల జీబోర్డ్ తెలుగు పెట్టుకొని మైక్ నొక్కి చెప్పినా టైప్ అయితది. ఫాంట్‌కు గూగుల్ ఫాంట్స్‌ల మండలి, నోటో సాన్స్ తెలుగు ఫ్రీగ ఉన్నయి, మన బమ్మెర పోతన పేరు మీద పోతన అనే ఫాంట్ కూడ ఉన్నది. చిన్నపిల్లలకు సైజు 30 కన్న తగ్గించకండి, లైన్ల నడుమ జాగా ఎక్కువ ఇయ్యండి, లేకుంటే పై లైను ఒత్తు కింది లైను గుడితోని కొట్లాడతది. ప్రింట్ చేసేముందు పు, వు, ము మూడూ ఒకసారి చూసుకోండి. వ కు మామూలు కొమ్మే ఇస్తే మ లెక్క అయితది కాబట్టి దాని కొమ్ము కిందికి పోతది, పిల్లలు సరిగ్గ అక్కడనే ఆగుతరు, ఆ మూడింటికి ఒక వర్క్‌షీట్ విడిగ చేసినా తప్పులేదు.

పేరెంట్స్ ఫోన్లల సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేయించండి, కొన్ని ఫోన్లల పేరు కొద్దిగ వేరే ఉంటది. అక్కడనే టెక్స్ట్ టు స్పీచ్‌ల తెలుగు వాయిస్ దించి స్పీడ్ తగ్గించాలె. ముందు సెలెక్ట్ టు స్పీక్ బటన్ ముట్టి, తర్వాత గ్రూపుల వచ్చిన మెసేజ్ మీద ముడితే చదివి వినిపిస్తది. పేరెంట్స్ మీటింగ్ రోజు బడిలనే కూర్చోబెట్టి అందరి ఫోన్లల చేసి పంపుడు మంచిది, మెసేజ్ పెట్టి చేసుకోండి అంటే ఎవరూ చేసుకోరు. ఇంకా, టెక్స్ట్ బుక్కుల మీద ఉన్న క్యూఆర్ కోడ్‌ను సర్కారు పాఠాల యాప్ దీక్షతోని స్కాన్ చేసుడు కూడ ఆ రోజే చూపెట్టండి సార్, చాలామంది అదేదో ధర కోడ్ అనుకుంటరు.

ప్రశ్న: మనుమరాలికి నాలుగేండ్లు. కథ పెట్టిచ్చి అటు తిరుగంగనే యూట్యూబ్‌కు పోయి ఏవేవో చూస్తది. ఏం చేయాలె? (నర్సంపేట నుంచి ఒక తాత)

జవాబు: బాపూ, ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌ల సెక్యూరిటీ కింద యాప్ పిన్నింగ్ అని ఉంటది, ఫోన్ల అది దొరకకుంటే పైన వెతికేకాడ పిన్ అని కొట్టండి. ఆన్ చేసి, బయటికి రావాలంటే పిన్ అడగాలె అనేది కూడ ఆన్ చేయండి. తర్వాత కథ యాప్ తెరిచి, రీసెంట్ యాప్స్‌లకు పోయి, దాని గుర్తు ముట్టి పిన్ అనండి, ఇగ ఆ యాప్ తప్ప ఇంకోటి తెరుచుకోదు. ఐఫోన్ అయితే గైడెడ్ యాక్సెస్ అంటరు. పిన్ నంబర్ ఆమె ముందల కొట్టకండి, నాలుగేండ్ల పిల్లలు మనకన్న జల్ది పట్టేస్తరు. యూట్యూబే చూపెట్టాలంటే యూట్యూబ్ కిడ్స్ ఏసి, మీరు ఓకే చేసిన వీడియోలే కనపడేటట్టు పెట్టండి. 2019ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది రెండు నుంచి నాలుగేండ్ల పిల్లలకు రోజుకు గంటకు మించొద్దని, ఎంత తక్కువైతే అంత మంచిదని. కథ మీరే చెప్తే ఆ గంటల కూడ మిగులుతది.

ప్రశ్న: రీడింగ్ యాప్ ఒకటి రూపాయికి ట్రయల్ అంటే తీసుకున్న. తర్వాత నెలనెలా పైసలు కట్ అవుతున్నయి. యాప్ తీసేసిన, అయినా ఆగుతలేవు. (గోదావరిఖని)

జవాబు: యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌ల మీ ఫొటో ముట్టి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లకు పోయి అక్కడ క్యాన్సిల్ చేయండి. అక్కడ కనపడకపోతే యూపీఐతోని ఆటోపే ఒప్పుకొని ఉండొచ్చు, మీరు వాడే యూపీఐ యాప్‌ల ఆటోపే అనేకాడ ఆ కంపెనీ పేరు చూసి రద్దు చేయండి. కార్డు ఇచ్చి ఉంటే బ్యాంకు యాప్‌ల ఈ-మ్యాండేట్ అని ఉంటది. పైసలు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలని ఆర్బీఐ రూల్, ఆ మెసేజ్ ఇన్‌బాక్స్‌ల వెతికితే ఏ దారిన పోతున్నయో అండ్లనే తెలుస్తది. రద్దు చేసినంక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వచ్చే నెల మళ్ళ కట్ అయితే బ్యాంకుకు అదే చూపెట్టాలె.