షట్టర్ కింద సందుకు రబ్బరు కాదు, ముందు నేల సరిచేయించండి

కారు షెడ్డు షట్టర్ ఒక మూల నేలకు ఆనుతోంది, రెండో మూల వేలు దూరేంత సందు ఉంది, రబ్బరు పట్టీ వేయిస్తే చాలా అని అడిగారు. చాలదు. నీళ్లు నింపిన పారదర్శక గొట్టం కొసలు రెండు మూలల దగ్గరా పట్టి మట్టం చూడండి, రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. చాలా చోట్ల షట్టర్ తిన్నగానే ఉంటుంది, తేడా నేలలో ఉంటుంది.

మాది కృష్ణా డెల్టా, నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి కుంగుతుంది. ఫ్లోరింగ్ కింద ఇసుక పోసి దిమ్మిస కొట్టకపోతే ఒక పక్క దిగిపోవడం ఖాయం. మా షెడ్డు అలాగే దిగింది. షట్టర్ బిగించినవాళ్లు వేసిన మెత్తటి రబ్బరును కొరుక్కుని ఎలుకలు లోపలికొచ్చాయి. పక్కనే బియ్యం బస్తాలున్నా వాటి జోలికి పోకుండా కారు బానెట్లో కాపురం పెట్టాయి. వైర్ల మీది ప్లాస్టిక్ తొక్క ఇంజన్ కింద పొట్టులా రాలి ఉంది. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు, గుర్తుంచుకోండి.

మా మేస్త్రి చీకటి పడ్డాక వచ్చాడు. "లోపల లైటేసి షట్టర్ దించండి బాబూ" అన్నాడు. బయట గొంతుక్కూర్చుని చూస్తే వెలుగు ఎక్కడ సన్నగా, ఎక్కడ వెడల్పుగా వస్తోందో స్పష్టంగా తెలిసిపోయింది. ఆ మేరకు సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. మర్నాడు అక్కడ పాత సిమెంటును అంగుళం లోతు చెక్కాడు. చెక్కకుండా నున్నటి నేల మీద పలచగా పూస్తే పెచ్చులూడి వచ్చేస్తుంది. దుమ్ము కడిగి, నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు పాలు పోసి, అవి ఆరకముందే ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలు వేసి, షట్టర్ అంచుకు సరిపోయేలా మట్టం తీశాడు. అంచు దాటాక వీధి వైపు కాస్త వాలు ఇచ్చాడు.

ఆ తర్వాత వారం రోజులు తడపాలి. ఇది మన దగ్గర ఎవరూ చేయరు. పొద్దున ఒక చెంబు నీళ్లు చల్లి క్యూరింగ్ అయిపోయిందంటారు, ఆర్నెల్లకు పగుళ్లొస్తే సిమెంటు కంపెనీని తిడతారు. వీధి వాలు గురించి కూడా చెప్పాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేస్తున్నారు. మా ఇల్లు కట్టినప్పుడు రోడ్డు కన్నా ఎత్తులో ఉండేది, ఇప్పుడు వానొస్తే వీధి నీళ్లన్నీ మా గేటు వైపే. ఇంత ఖర్చు పెట్టి కట్టుకున్నవాళ్లు ఏమైపోవాలి?

నేల సరయ్యాక మిగిలే రెండు మూడు మిల్లీమీటర్లకు రబ్బరు వేయించండి. ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరే అడగండి, ఎండకు పీవీసీ కన్నా బాగా ఆగుతుంది. బయటి వైపు సన్నటి జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకు పట్టీ బిగిస్తే ఎలుక పంటికి అందదు. రెండు పక్కలా షట్టర్ దిగే ఛానెల్ అడుగున కూడా సందు ఉంటుంది, చాలామంది అది చూడరు. అక్కడా మాలు నింపించండి, షట్టర్ అంచు తగలకుండా.