ఇంత చలి పెడతంటే భూమి వేడెక్కేదేందన్నా?

క్రిస్మస్ సెలవులకి కావలి వచ్చా. మా చిన్నమ్మ కొడుకు జనవరి సెమిస్టర్‌కి చికాగో పోతన్నాడు, వాడి ఫ్రెండు సింగరాయకొండ పిల్లోడు డల్లాస్ పోతన్నాడు, రాత్రి మిద్దె మీద కూర్చోని ఇద్దరూ అడిగింది ఇదీ. అక్కడ మైనస్ ముప్పై దాకా పోద్దంట కదన్నా, మరి భూమి వేడెక్కతందంటారేంది? పక్కనే ఉన్న మా చిన్నాయన, ఈ యేడు కావల్లోనే తెల్లారి దుప్పటి తీయబుద్ధి కావట్లా, అవన్నీ ఉత్తమాటల్రా అన్నాడు. కొత్తగా పోయే పిల్లలందరికీ వచ్చే అనుమానమే కాబట్టి వాళ్లకి చెప్పిందే ఇక్కడా రాస్తన్నా.

2019 జనవరి 30న చికాగోలో మైనస్ 31 డిగ్రీలు పడింది. కారు అద్దం మీద మంచు గీకుదామని గ్లవ్స్ లేకుండా దిగి ఐదు నిమిషాలు ఉండలేకపోయా, వేళ్లు మొద్దుబారిపోయి రెండు రోజులు మంట. ఆ పూట ఎవరన్నా వచ్చి భూమి వేడెక్కతందంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. తర్వాత తెలిసిందేందంటే, అదే జనవరిలో ఆస్ట్రేలియా మాడిపోయింది, అప్పటిదాకా వాళ్ల రికార్డుల్లో అంత వేడి నెలే లేదంట, 24వ తేదీ అడిలైడ్‌లో 46.6 డిగ్రీలు, మన రోహిణి కార్తె లాగా. భూమి మొత్తం సగటు తీసినా ఆ జనవరి బాగా వేడి జనవరుల్లోనే ఉంది. నా వీధి గడ్డకట్టిందని లోకమంతా గడ్డకట్టలా.

మా చిన్నాయన సేద్యం మనిషి, ఆయనకి వేరేగా చెప్పా. పైనుంచి నీళ్లొచ్చి ఒక యేడు సోమశిల నిండితే ఉదయగిరి మెట్టకి కరువు తీరిపోయిందంటావా? అనవు, పది ఇరవై యేళ్ల వానలు లెక్కేసుకుంటావు. క్లైమేట్ అన్నా అంతే, ముప్పై యేళ్ల సగటు చూస్తారు. అమెరికాలో 1950ల్లో కొత్త వేడి రికార్డులు, కొత్త చలి రికార్డులు దగ్గర దగ్గర సమానంగా వచ్చేయి, 2000 తర్వాత పదేళ్లలో చలి రికార్డులకి వేడివి రెండింతలు వచ్చినాయి. చలి రాదని ఎవరూ అన్లా, రావడం తగ్గింది. ఆయన కాసేపు ఊరుకోని, మనకి కూడా చలి రోజులు తగ్గినయ్యిలే అన్నాడు.

మరి ఆ చలి ఎక్కడిదంటే, చలికాలం ఉత్తర ధృవం మీద చాలా ఎత్తున గాలి సుడి తిరగతా ఉంటది, పోలార్ వోర్టెక్స్ అంటారు, అది గట్టిగా ఉన్నంతసేపు ఆ చలిగాలి చాలావరకు అక్కడే ఉంటది, బలం తగ్గి చీలిందంటే కిందికి జారి అమెరికా మీదో యూరప్ మీదో పడద్ది, 2019లో అయింది అదే. ధృవం వేడెక్కబట్టే సుడి చెదరతందా అనేది శాస్త్రవేత్తల్లోనే ఇంకా తేలలా. అందుకని మీరు కూడా వాదనలో గెలవాలని ప్రతి మంచు తుఫాన్నీ క్లైమేట్ ఛేంజ్ ఖాతాలో రాయబాకండి, తప్పు మాట ఒక్కటి దొర్లినా మిగతా నిజం కూడా ఎవరూ వినరు.

డల్లాస్ పిల్లోడికి మాత్రం గట్టిగా చెప్పా. టెక్సాస్ వేడి రాష్ట్రం అని స్వెట్టర్ కూడా పెట్టుకోలా వాడు. 2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో మైనస్ 19 పడింది, గ్యాస్ లైన్లు, పవర్ ప్లాంట్లు గడ్డకట్టి లక్షల ఇళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, ప్రభుత్వం లెక్కలోనే 246 మంది చనిపోయారు. వాళ్లల్లో కొంతమంది చలితో కాదు, ఇంట్లో బొగ్గులు రాజేసుకునో, గ్యారేజీలో కారు ఆన్ చేసుకునో, ఆ పొగకి పోయినోళ్లు. బిడ్డల్లారా, ఎంత వణికినా ఆ పని చేయబాకండి. ఫ్రీజ్ వార్నింగ్ వస్తే కుళాయి సన్నగా కారేటట్టు వదలండి, పైపులు పగలవు. ఫోన్, పవర్ బ్యాంక్ ముందే చార్జ్ పెట్టుకోండి. రూములో దిగిన రోజే ఆ పొగలోని విషవాయువుని పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూసి, లేకపోతే ఆ వారమే కొనుక్కోండి.