రెండు ల్యాప్‌టాప్‌ల పార్సిల్ శంషాబాద్‌లో ఎందుకు ఆగింది?
అమెరికా వెబ్‌సైటులో ఒకేసారి కొన్న రెండు ల్యాప్‌టాప్‌ల పార్సిల్ శంషాబాద్ కస్టమ్స్‌లో ఆగిపోయిందని, ఏం చేయాలని మీరు రాశారు. 2023 ఆగస్టు 3న కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ ఇచ్చిన నోటిఫికేషన్‌తో ల్యాప్‌టాప్‌లు, టాబ్లెట్లు, సర్వర్లు ఆంక్షలున్న దిగుమతుల కిందికి, అంటే ముందుగా దిగుమతి అనుమతి తీసుకోవాల్సిన వాటి కిందికి వచ్చాయి. ఆన్‌లైన్‌లో కొని పోస్టులో గానీ కొరియర్‌లో గానీ తెప్పించుకునే ఒక్కదానికి మాత్రమే, వర్తించే సుంకం చెల్లించాలన్న షరతుతో, దిగుమతి అనుమతి నుంచి మినహాయింపు ఉంది. మీ చిక్కంతా రెండోదానితోనే. సుంకం ఎంతైనా కడతామన్నా ఆ అనుమతి లోటు తీరదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కాబట్టి ఆ రెండో ల్యాప్‌టాప్‌ను అమ్మకందారుకు తిప్పి పంపే వీలు కల్పించమని కొరియర్ సంస్థ ద్వారా కస్టమ్స్ అధికారులను రాతపూర్వకంగా కోరండి. వచ్చే నెల మీ అన్నయ్యగారు అమెరికా నుంచి వస్తున్నారన్నారు కదా, 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు సామానుతో పాటు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆయన సొంతది కూడా వెంట ఉంటే మాత్రం ఆ వెసులుబాటు దానికే సరిపోతుంది.