జీతం లేని డైరెక్టర్‌కూ చెక్ బౌన్స్ నోటీసా?

ప్రశ్న: హనుమకొండలో రిటైర్డ్ టీచర్‌ని. మా బావమరిది కొడుకు ఎనుమాముల దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లును ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా నడుపుతున్నాడు. "పేరుకే మామయ్యా" అంటే మూడేళ్ల కింద డైరెక్టర్‌గా చేరాను. జీతం లేదు, మీటింగులకు పోలేదు. ఇంటికి తెచ్చిన కాగితాల మీద సంతకం పెట్టేవాణ్ణి. ఇప్పుడు కంపెనీ చెక్కు బౌన్స్ అయి నాకూ లాయర్ నోటీసు వచ్చింది. నాపై కేసు నిలుస్తుందా?

జవాబు: టెన్షన్ పడకండి, కానీ నోటీసును పక్కన పడేయకండి. అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే అవతలివాళ్లు కేసు వేయవచ్చు. ఆ లోపే మీ జవాబు విడిగా పంపండి. కంపెనీ లాయర్ ఇచ్చే జవాబులో మీ పేరు కలపనివ్వకండి. మీరు చెప్పుకోవాల్సింది వేరు, ఆ అబ్బాయి చెప్పుకోవాల్సింది వేరు.

చెక్ బౌన్స్ కేసులో, వ్యాపారం ఎవరి చేతుల మీదుగా నడుస్తోందో వాళ్లే బాధ్యులు. డైరెక్టర్ అన్న హోదా ఒక్కటే చాలదని 2005లో ఎస్.ఎం.ఎస్. ఫార్మాస్యూటికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు మీద మీ సంతకం లేకపోతే మీకు మంచి ఆధారమే ఉంది.

నాకు భయం వేసేది మీరు చదవకుండా పెట్టిన సంతకాల గురించి. మీలాంటివారిని నాన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అంటారు. రోజువారీ పని మీది కాదు, లెక్కలు అడగడం మాత్రం మీ పనే. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 149(12) ప్రకారం, బోర్డు ద్వారా మీకు తెలిసి, మీ సమ్మతితో జరిగినవాటికి మీరు బాధ్యులు. తగిన జాగ్రత్త తీసుకోకపోయినా అంతే. అంటే "నాకేం తెలియదు" అన్న మాటే మీకు ఎదురు తిరగవచ్చు.

ఏడాదిపాటు ఒక్క బోర్డు మీటింగుకూ హాజరు కాకపోతే, సెక్షన్ 167 కింద పదవి దానంతటదే పోతుంది. కానీ మీరు ఇంట్లో సంతకం పెట్టినవి హాజరు రిజిస్టర్ పేజీలైతే? మీటింగుకు వచ్చినట్టే కనబడుతుంది. అందుకే బోర్డు మీటింగుల మినిట్స్ (అక్కడ జరిగినదాని రికార్డు) కాపీలు ఇవ్వమని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. చుట్టరికం చూసి మొహమాటపడకండి. కంపెనీల రిజిస్ట్రార్‌కు కంపెనీ ఏటా ఇవ్వాల్సిన రిటర్నులు దాఖలయ్యాయో లేదో కూడా చూడండి. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే, మీరు ఐదేళ్లు ఏ కంపెనీలోనూ మళ్లీ డైరెక్టర్‌గా నియమితులు కాలేరు.

తప్పుకోవాలంటే కంపెనీకి రాజీనామా లేఖ పంపి, ఆ సంగతి రిజిస్ట్రార్‌కు తెలిపే డీఐఆర్-11 ఫారం మీరే దాఖలు చేయండి. పాత తప్పులకు బాధ్యత దానితో పోదు. బ్యాంకు లోనుకు హామీ సంతకం కూడా పెట్టి ఉంటే, రాజీనామా చేసినా ఆ హామీ మిమ్మల్ని వదలదు. ఆ కాగితాలతో లాయర్‌ను కలవండి.