కన్సోల్‌లో బయటి స్టోర్లను అనుమతిస్తే ఆటల ధరలు తగ్గుతాయా?

గేమ్ కన్సోల్‌లో స్టీమ్, ఎపిక్ వంటి బయటి స్టోర్లను అనుమతిస్తే ఆటల ధరలు తగ్గుతాయా, లేక భద్రత దెబ్బతిని కొత్త చిక్కులే మిగులుతాయా అని మీరు అడిగారు. సొంత స్టోర్ తప్ప మరొకటి తెరుచుకోని కన్సోల్‌నూ, ఏ స్టోర్‌నైనా పెట్టుకోనిచ్చే, చేతిలో పట్టుకుని ఆడే చేతి పరికరాన్నీ కొన్నేళ్లుగా పక్కపక్కనే వాడుతున్నాను. ఆ అనుభవంతో నాకు అర్థమైనదేమిటంటే, ధర విషయంలో మీరు ఆశించినంత మార్పు రాదు గాని, కొన్న ఆట మీ చేతిలో ఎంతకాలం ఉంటుందన్న విషయంలో చాలా మార్పు వస్తుంది.

ముందు ధర సంగతి చూద్దాం. స్టీమ్ ఆట అమ్మకంలో 30 శాతం వాటా తీసుకుంటుంది. ఒక ఆట ఆదాయం కోటి డాలర్లు దాటితే ఆపై అమ్మకాల మీద 25, అయిదు కోట్లు దాటితే 20 శాతానికి దిగుతుంది. ఎపిక్ స్టోర్ 2018 డిసెంబరులో 12 శాతంతో మొదలైంది. 60 డాలర్ల ఆట మీద తయారీ సంస్థకు 30 శాతం లెక్కన 42 డాలర్లు, 12 శాతం లెక్కన 52 డాలర్ల 80 సెంట్లు దక్కుతాయి. ఆ తేడా కొనేవారి దాకా రావాలి కదా? నేను చూసినంతవరకు విడుదల రోజున ఒకే ఆటకు రెండు స్టోర్లలోనూ సాధారణంగా ఒకే ధర ఉంటుంది; తేడా కనిపించేది నెలల తర్వాత, ఒకరు డిస్కౌంట్ పెట్టి మరొకరు పెట్టనప్పుడే. అయినా డిస్క్ డ్రైవ్ లేని కన్సోల్ ఉన్నవారికి ఆ మాత్రం పోటీ కూడా చిన్న విషయమేమీ కాదు. పూర్తి ఆటల డౌన్‌లోడ్ కోడ్‌లను దుకాణాల ద్వారా అమ్మించడం సోనీ 2019 ఏప్రిల్‌లో ఆపేశాక, ప్లేస్టేషన్ డిజిటల్ ఆటలకు ఆ సంస్థ స్టోరే దాదాపు ఏకైక దారి అయింది.

తయారీదారులు ఈ తాళం ఎందుకు వదలరో కూడా చెప్పాలి. 2021లో ఎపిక్, ఆపిల్ సంస్థల మధ్య నడిచిన వ్యాజ్యంలో మైక్రోసాఫ్ట్ అధికారి లోరీ రైట్, ఎక్స్‌బాక్స్ కన్సోల్ అమ్మకాల మీద సంస్థకు ఎన్నడూ లాభం రాలేదని సాక్ష్యం చెప్పారు. పెట్టెను లాభం లేకుండా ఇచ్చి, ఆటల మీద వాటాతో రాబట్టుకోవడమే ఈ వ్యాపారం. కాబట్టి తలుపు తెరిచినా గుమ్మం దగ్గర సుంకం ఉంటుంది. యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్ల చట్టం కారణంగా 2024 మార్చిలో ఐఫోన్‌లోకి బయటి స్టోర్లను అనుమతించిన ఆపిల్, కొత్త షరతుల కింద యాప్ తయారీదారులకు, ఏడాదిలో పది లక్షలు దాటాక ఒక్కో ఖాతా ఆ ఏడాది చేసే తొలి ఇన్‌స్టాల్‌కు అర యూరో చొప్పున రుసుము పెట్టింది. కన్సోల్ తయారీదారులు ఇంతకంటే ఉదారంగా ఉంటారని నేను అనుకోను.

ఇంకొక అపోహ కూడా ఉంది. స్టీమ్ వచ్చినంత మాత్రాన మీ స్టీమ్ ఆటలన్నీ కన్సోల్‌లో నడవవు, ఎందుకంటే అక్కడ మీరు కొన్నది చాలావరకు విండోస్ కంప్యూటర్ల కోసం తయారైన కాపీ. స్టీమ్ సంస్థ చేతి పరికరమైన స్టీమ్ డెక్, విండోస్ కాకుండా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది గనుక, విండోస్ ఆటలను ఆడించడానికి ప్రోటాన్ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ అవసరమైంది. 2025 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అలై విండోస్ మీద నడిచే చేతి పరికరమే కావడంతో అందులో ఈ స్టోర్లు నేరుగా నడుస్తాయి. కన్సోళ్లు తెరుచుకుంటే ఈ దారిలోనే తెరుచుకుంటాయని నా అంచనా.

ఇక వాడకం. నా చేతి పరికరంలో రెండో స్టోర్ పెట్టడానికి డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్లి, తెర మీది కీబోర్డుతో పాస్‌వర్డ్ కొట్టి, ఫోన్‌కు వచ్చిన కోడ్ కూడా కొట్టేసరికి ఒక సాయంత్రం గడిచింది. ఆట తెరిస్తే ముందు ఒక చిన్న లాంచర్ కిటికీ వచ్చింది. దాని బటన్లు కంట్రోలర్‌కు లొంగలేదు. ఒకసారి పరికరాన్ని స్లీప్‌లో పెట్టి మర్నాడు తెరిచినప్పుడు, క్లౌడ్‌లోని సేవ్ కావాలా, పరికరంలోని సేవ్ కావాలా అని రెండు సమయాలు చూపిస్తూ ప్రశ్న వచ్చింది. నేను తప్పుది నొక్కాను, రెండు గంటల ఆట పోయింది. సొంత స్టోర్ మాత్రమే ఉన్న కన్సోల్‌లో ఇటువంటి ప్రశ్న నాకు ఎన్నడూ ఎదురుకాలేదు.

అయినా నేను తెరిచి ఉంచడం వైపే ఉన్నాను. నా పాత కన్సోల్ స్టోర్‌ను తయారీ సంస్థ మూసేసినప్పుడు కొన్నవాటిని మళ్లీ దించుకోనిచ్చారు గాని, సగం ఆడి ఆపిన ఒక ఆటకు రావలసిన అదనపు భాగం కొనడానికి మరే చోటూ మిగలలేదు. అదే ఏళ్ల కింద కంప్యూటర్ కోసం కొన్న ఆటలు, మధ్యలో రెండు యంత్రాలు మారినా, ఈ చేతి పరికరంలో నడుస్తున్నాయి.

భద్రత విషయంలో భయం కొంత ఎక్కువే. ఎక్స్‌బాక్స్ వన్ కన్సోల్ నుంచీ ఆటలు హైపర్‌వైజర్ (ఒకే యంత్రాన్ని విడివిడి భాగాలుగా పంచే సాఫ్ట్‌వేర్) మీద, మిగతా వ్యవస్థ నుంచి వేరుగా ఉండే విడి వర్చువల్ యంత్రంలో నడుస్తున్నాయి గనుక, స్టోర్ మారినంత మాత్రాన ఆ గోడ కూలదు. ఆన్‌లైన్ పోటీ ఆటల్లో మోసగాళ్లు పెరుగుతారన్న భయం మాత్రం నిజమైనదే, అందుకే స్నేహితులతో పోటీపడే ఆటలు ఇప్పటికీ పాత పద్ధతి కన్సోల్‌లోనే కొంటాను. ఒంటరిగా, తీరిగ్గా, ఏళ్ల తర్వాత కూడా మళ్లీ ఆడదామనుకున్నవి చేతి పరికరం కోసం కొంటాను.