రియాక్షన్ మైనస్‌లో వస్తే లెక్క తప్పినట్టేనా?

ప్రశ్న: సివిల్ డిప్లొమా చదువుతున్నాను. 6 మీటర్ల బీమ్‌కు ఎడమ చివర ఒక సపోర్ట్, అక్కడికి 4 మీటర్ల దూరంలో రెండోది, మిగతా 2 మీటర్లు బయటికి ఉంది. బీమ్ పొడవునా మీటరుకు 2 కిలోన్యూటన్ల బరువు, బయటి చివర 10 కిలోన్యూటన్ల లోడ్. ఎన్నిసార్లు చేసినా ఎడమ రియాక్షన్ (ఆ సపోర్ట్ బీమ్ మీద చూపే ఎదురు బలం) మైనస్ 2 వస్తోంది. బాణం తిప్పేసి ప్లస్ రాసేయమంటున్నాడు మా ఫ్రెండ్. వచ్చే నెల పరీక్షలు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ లెక్క కరెక్టే, కొట్టేయకండి. ఎడమ సపోర్ట్ బీమ్‌ను పైకి మోస్తుందనుకుని మీరు బాణం పైకి గీశారు, కాదు, అది కిందికి లాగిపట్టాలి అంటోంది ఆ మైనస్, అంతే.

సరిచూసుకోవాలంటే కుడి సపోర్ట్ దగ్గర మొమెంట్లు (బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే తిప్పుడు) తీయండి. దాని రియాక్షన్‌కు అక్కడ దూరం సున్నా కాబట్టి అది లెక్కలోంచి ఎగిరిపోయి, తెలియనిది ఒక్కటే మిగులుతుంది. పొడవునా ఉన్న బరువు మొత్తం 2×6 = 12, అది బీమ్ నట్టనడుమ, అంటే కుడి సపోర్ట్‌కు 1 మీటరు ఎడమగా ఉన్నట్టు తీసుకోవాలి (చాలామంది రెండు సపోర్టుల మధ్యలో పెట్టేసి ఇక్కడే బోల్తా పడతారు). దాని మొమెంట్ 12×1 = 12, అటుపక్క చివరి లోడ్‌ది 10×2 = 20. తేడా 8. దాన్ని ఆపాల్సింది 4 మీటర్ల దూరంలో ఉన్న ఎడమ సపోర్టే, 8÷4 = 2, కిందికి. ఇక కుడి సపోర్ట్ మోసేది 12+10+2 = 24. ఉన్న బరువు 22 అయితే 24 ఏంటని కంగారుపడకండి, ఎడమవైపు లాగుడు కూడా దీని నెత్తినే పడుతుంది.

అసలు చూడాల్సింది ఆ ఎడమ సపోర్ట్ ఎలాంటిదన్నది. బీమ్‌ను దాని మీద ఊరికే ఆనించి ఉంటే అది మోయగలదు గానీ లాగలేదు, నిజంగా కడితే ఆ చివర లేచిపోతుంది. బోల్టు బిగించాలి, లేదా పైన బరువు ఉండాలి. లింటెల్‌తో (తలుపు, కిటికీల మీది అడ్డ దూలం) కలిపి సన్‌షేడ్ పోసినప్పుడు, పైన గోడ లేవకముందే సెంట్రింగ్ విప్పొద్దని మేస్త్రీలు మొత్తుకునేది ఇందుకే, ముందుకు ఒరగకుండా పట్టి ఉంచేది ఆ గోడ బరువే. మీ బీమ్‌కైతే చివరి లోడ్ 6 కిలోన్యూటన్లు దాటనంతవరకు ఏ బోల్టూ అక్కర్లేదు, సరిగ్గా 6 దగ్గర (6×2 = 12) ఎడమ రియాక్షన్ సున్నా అవుతుంది.

మీ ఫ్రెండ్ చెప్పినట్టు బాణం తిప్పి 2 అని రాసినా తప్పులేదు, కానీ బాణమూ తిప్పేసి మైనస్ కూడా ఉంచారంటే మాత్రం మార్కులు పోతాయి.