కొత్త బ్యాటరీ వేయించినా కారు స్టార్ట్ కాకుండా 'టక్' అని ఆగిపోతోంది, లైట్లు మాత్రం బాగానే వెలుగుతున్నాయి. సెల్ఫ్ మోటార్ మార్చాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. తాళం తిప్పితే ఒక్క 'టక్' అని చప్పుడు, అంతే. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. మళ్లీ మళ్లీ తిప్పితే ఒక్కోసారి ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోతుంది. మెకానిక్ బ్యాటరీ మార్చారు, కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదలైంది. ఇప్పుడు సెల్ఫ్ మోటార్ మార్చమంటున్నారు.

ఇప్పుడే మార్చకండి. ముందు ఇంజిన్‌కి ఎర్త్ (కరెంటు తిరిగి బ్యాటరీ నెగెటివ్‌కి చేరే దారి) సరిగ్గా అందుతోందో లేదో చూడండి. నా కారుకి అచ్చం ఇదే జబ్బు వచ్చింది. నాక్కూడా ముందు బ్యాటరీ అన్నారు, తర్వాత సెల్ఫ్ మోటార్ అన్నారు. చివరికి తేలింది ఏమిటంటే, ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ. జానెడు అల్లిక తీగ. మీదీ అదేనని చూడకుండా చెప్పలేను కానీ, అవునో కాదో అరగంటలో మీరే తేల్చుకోవచ్చు. కావలసింది ఒక మామూలు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే చిన్న పరికరం), తాళం తిప్పడానికి ఇంకో మనిషి.

ముందుగా లైట్ల సంగతి. "లైట్లు బాగున్నాయి కాబట్టి కరెంటుకి లోటు లేదు" అని అందరం అనుకుంటాం. రెండు 55 వాట్ల హాలోజన్ బల్బులు కలిపి తీసుకునేది తొమ్మిది, పది ఆంపియర్లు. ఒక చిన్న పెట్రోల్ ఇంజిన్‌ని తిప్పడానికి సెల్ఫ్ మోటార్ 100 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది, డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. దారిలో ఎక్కడో తుప్పు పట్టి 0.05 ఓమ్ రెసిస్టెన్స్ చేరిందనుకోండి. పది ఆంపియర్లు పోయేటప్పుడు అక్కడ అర వోల్టు పోతుంది, లైటులో తేడా కంటికి ఆనదు. అదే దారిలో 150 ఆంపియర్లు పోవాలంటే ఏడున్నర వోల్టులు అక్కడే ఖర్చయిపోవాలి. ఇక మోటార్‌కి మిగిలేది ఏముంది? పూలదండని మోసే దారం బిందెని మొయ్యదు కదా.

పైగా చాలా కార్లలో హెడ్‌లైట్ల ఎర్త్ నేరుగా బాడీకి ఉంటుంది. సెల్ఫ్ మోటార్ ఎర్త్ మాత్రం ఇంజిన్ లోహం గుండా వెళ్తుంది. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి దానికీ బాడీకీ, లేదా దానికీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య విడిగా ఒక తీగ వేస్తారు. ఆ తీగ పాడైతే లైట్లకి ఏమీ కాదు, సెల్ఫ్ ఒక్కటే మూగబోతుంది.

అందుకే మీరు చేయాల్సిన మొదటి పరీక్షకి మీటర్ కూడా అక్కర్లేదు. చీకట్లోనో గోడ ముందో కారు పెట్టి, హెడ్‌లైట్లు వేసి, తాళం తిప్పించండి. 'టక్' అన్న క్షణంలో లైట్లు బాగా మందగిస్తే, లేదా ఆరిపోతే, లోపం బ్యాటరీలోనో బ్యాటరీ టెర్మినల్ దగ్గరో ఉంది. (సెల్ఫ్ మోటార్ బిగుసుకుపోయినా లైట్లు దిగుతాయి, కానీ అది అరుదు.) లైట్లు దాదాపు అలాగే ఉండి 'టక్' మాత్రమే వచ్చిందా, మోటార్‌కి కరెంటు అసలు పారడం లేదన్నమాట. అప్పుడు అనుమానం మూడింటి మీద: ఎర్త్, బ్యాటరీ పాజిటివ్ నుంచి వచ్చే లావు కేబుల్, సెల్ఫ్ మోటార్ మీద ఉండే సోలనాయిడ్ (మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) లోపలి కాంటాక్టులు. మోటార్ బ్రష్‌లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగిపోయినా ఇలాగే ఉంటుంది. 'టక టక టక' అని వరుసగా కొట్టుకుంటే అది ఎక్కువగా బ్యాటరీ దిగిపోయిన లక్షణం. మీది ఒక్క 'టక్' అంటున్నారు కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

ఇప్పుడు మీటర్. గేర్ న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టండి, హ్యాండ్‌బ్రేక్ లాగండి. ఉంగరాలు, కడియాలు తీసేయండి. వేలాడే బట్టలు బెల్టు దగ్గరికి పోకుండా చూసుకోండి. రేడియేటర్ ఫ్యాన్ కొన్ని కార్లలో ఇంజిన్ ఆగి ఉన్నా తనంతట తాను తిరుగుతుంది, దాని దగ్గర చేయి పెట్టకండి.

మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, ముందు బ్యాటరీ రెండు కొనల మీద చూడండి. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వస్తే నిండుగా ఉంది, 12.2 అంటే సుమారు సగం, 12 కంటే తక్కువైతే ముందు చార్జ్ చేసి తర్వాత మిగతావి చూడాలి. అలాగే మీటర్ పెట్టి ఉంచి తాళం తిప్పించండి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కిందకి పడితే బ్యాటరీ మీద అనుమానం. తిరగకుండా 'టక్' అన్నప్పుడు కూడా 12 పైనే నిలబడి ఉంటే మీ కొత్త బ్యాటరీ నిర్దోషి.

తర్వాతదే అసలు పరీక్ష. ఒక ప్రోబ్ (మీటర్ తీగ చివరి సూది) బ్యాటరీ నెగెటివ్ కొన మీద పెట్టండి. కేబుల్‌ని పట్టి ఉంచే క్లాంప్ మీద కాదు, మధ్యలో ఉన్న సీసం కొన మీదే. ఇంకొకటి ఇంజిన్ మీద రంగు, జిడ్డు లేని ఏదైనా బోల్ట్ తలకి గట్టిగా ఆనించండి. తాళం తిప్పించండి. ఎర్త్ బాగుంటే 0.2 వోల్టుల లోపు చూపిస్తుంది. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో తేడా ఉంది. నా కారులో మూడు వోల్టులు దాటింది. తాళం తిప్పుతున్నంతసేపూ చూడాలి, వదిలేశాక సున్నాయే వస్తుంది.

ఇక్కడ ఒక మాట. నా కారు చూసిన మెకానిక్ ఎర్త్ చూడలేదని అనను, చూశాడు. మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, బీప్ వచ్చింది కాబట్టి ఎర్త్ బాగుంది అన్నాడు. ఆ బీప్ మీద నాకు నమ్మకం లేదు. వంద పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా మీటర్ బీప్ అంటుంది. ఓమ్‌లలో కొలవబోయినా లాభం లేదు, మనం వెతుకుతున్న 0.05 ఓమ్ కంటే మీటర్ ప్రోబ్ తీగల రెసిస్టెన్సే ఎక్కువ ఉంటుంది. లోడ్ మీద, అంటే తాళం తిప్పి ఉంచినప్పుడు, వోల్టేజ్ ఎంత పోతోందో చూస్తే తప్ప ఈ లోపం బయటపడదు. మీ మెకానిక్ కూడా "చెక్ చేశాను" అంటే, ఎలా చెక్ చేశారో అడగండి.

మీటర్ లేకపోతే ఇంకో దారి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. జంపర్ కేబుల్‌లో నల్లది తీసుకుని, ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకో కొస ఇంజిన్ మీద లావుపాటి లోహ భాగానికి తగిలించండి. అంటే తాత్కాలికంగా కొత్త ఎర్త్ వేసినట్టు. ఇప్పుడు తాళం తిప్పగానే స్టార్ట్ అయితే, కేబుల్ తీసేస్తే మళ్లీ మొరాయిస్తే, ఇక వాదించడానికేమీ లేదు. ఎర్ర కేబుల్‌తో ఈ ప్రయోగం చేయకండి, పాజిటివ్ ఎక్కడైనా బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి.

ఎర్త్ దగ్గరే అని తేలితే పని చిన్నదే. ఇంజిన్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ ముందు విప్పండి. మళ్లీ బిగించేటప్పుడు అది చివర. నెగెటివ్ క్లాంప్ మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా లాంటిది ఉంటే అది బ్యాటరీ సెన్సర్, దాన్ని పట్టుకుని లాగకండి. ఎర్త్ తీగ రెండు కొసలూ విప్పి, రింగునీ అది ఆనే చోటునీ ఉప్పు కాగితంతో మెరిసే లోహం కనబడేదాకా రుద్దండి. బాడీ వైపు రంగు కింద తుప్పు దాక్కుంటుంది, పైకి బోల్ట్ బిగుతుగానే ఉంటుంది, అక్కడే చాలామంది మోసపోతారు. రింగులోకి తీగ దూరే చోట ఆకుపచ్చ పొడి కనిపించినా, పోగులు తెగి ఉన్నా శుభ్రం చేసి లాభం లేదు, తీగే మార్చాలి. అంతే లావు, లేదా ఇంకా లావు ఉన్నది వేయించండి. బిగించాక కొంచెం గ్రీజు పూస్తే చెమ్మ చేరదు. బ్యాటరీ విప్పాక గడియారం, కొన్ని కార్లలో పవర్ విండోలు మళ్లీ సెట్ చేసుకోవాలి, కంగారు పడకండి.

బ్యాటరీ మార్చాక కొన్నాళ్లు ఎందుకు బాగుందన్న అనుమానం మీకు ఉండే ఉంటుంది. నాకూ ఉండేది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఎర్త్ కూడా ఇంజిన్ ద్వారానే వెళ్తుంది. ఆ దారి సన్నగిల్లితే చార్జింగ్ కూడా బ్యాటరీదాకా పూర్తిగా చేరదు, కొత్త బ్యాటరీ అయినా మెల్లగా దిగిపోతూ వస్తుంది. పైగా కొత్తది వేసేటప్పుడు క్లాంప్‌లు విప్పి రుద్ది బిగిస్తారు, దానివల్ల కూడా కొన్నాళ్లు ఊరట. పని అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య వస్తోందో లేదో చూసుకోండి. కొత్త రకం కార్లలో కంప్యూటర్ చార్జింగ్‌ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి ఒక్క రీడింగ్ చూసి తీర్పు చెప్పకండి.

ఎర్త్ పరీక్షలో 0.2 లోపే వచ్చిందనుకోండి. అప్పుడు ఇదే కొలత పాజిటివ్ వైపు: ఒక ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ కొన మీద, రెండోది సెల్ఫ్ మోటార్ మీద లావు కేబుల్ వచ్చి చేరే బోల్ట్ మీద. ఆ రెండో ప్రోబ్ పెట్టేటప్పుడు పక్క లోహానికి తగలనివ్వకండి. చాలా కార్లలో అక్కడికి చేయి చేరాలంటే కారు ఎత్తాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి దూరొద్దు, మెకానిక్‌కి వదిలేయండి. రెండు వైపులా బాగుండి, మోటార్ దగ్గరకి 10 వోల్టులకి పైగా అందుతున్నా తిరగకపోతే, అప్పుడు మీ మెకానిక్ మాటే నిజం, లోపం సెల్ఫ్ మోటార్‌దే. అప్పుడైనా మొత్తం మార్చే ముందు బ్రష్‌లు, సోలనాయిడ్ మాత్రమే మార్చే వీలుందా అని అడగండి, చాలా మోటార్లకి ఆ వీలుంటుంది. స్పానర్‌తో మోటార్ మీద మెల్లగా తడితే తిరిగిందంటే లోపం బ్రష్‌లలోనో సోలనాయిడ్‌లోనో ఉందని దాదాపు ఖాయం. అలా తట్టి ఇంటికి చేరొచ్చు కానీ, దాన్నే అలవాటు చేసుకోకండి.

ఈ ప్రశ్న కిందే ఇంకొకరు, సెల్ఫ్ బాగా కొడుతున్నా ఇంజిన్ అందుకోవడం లేదని అడిగారు. అది వేరే జబ్బు, ఎర్త్ పట్టీకీ దానికీ సంబంధం తక్కువ. తాళం ఆన్ చేయగానే వెనక నుంచి రెండు సెకన్లు ఇంధనం పంపు 'జుయ్' మనడం వినిపిస్తోందా చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా కదులుతోందా చూడండి. వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కాక, చల్లారాక స్టార్ట్ అవుతూ, ముల్లు అస్సలు కదలకపోతే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతోందో లేదో కనిపెట్టేది) మీద మొదటి అనుమానం. మీటర్ బోర్డులో తాళం బొమ్మ ఆగకుండా మిణుకుతుంటే ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో కారు స్టార్ట్ కానివ్వని రక్షణ) తాళాన్ని గుర్తించడం లేదు, రెండో తాళంతో ప్రయత్నించండి. వివరాలతో విడిగా ప్రశ్న వేయండి.

అసలు ప్రశ్న అడిగినవారికి ఇంకొక్కటి. ఈ లోగా కారు మొరాయిస్తే తాళాన్ని పది సెకన్లకి మించి అలాగే పట్టుకోకండి, మధ్యలో ఒక నిమిషం విరామం ఇవ్వండి. మాన్యువల్ గేర్ అయితే తోసి స్టార్ట్ చేయొచ్చు, ఆటోమేటిక్ అయితే ఆ ప్రయత్నమే వద్దు. లైట్లు దిగాయా లేదా, నెగెటివ్ కొనకీ ఇంజిన్‌కీ మధ్య మీటర్ ఎంత చూపించింది, ఈ రెండూ ఇక్కడ రాయండి. అవి తెలిస్తే సెల్ఫ్ మోటార్ విప్పించాలో వద్దో చెప్పగలను.